వేగం కన్న నిలకడ మేలు

2005లో బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండు మన ఫోను తీగ మీదనే ఇళ్లకు వచ్చింది. ఆ రాగి తీగ ఇంకా వాడుకొనేవారికి ఈ మాట.

ఎ.డి.ఎస్.ఎల్. 2 ప్లస్ పద్ధతి సెకనుకు 24 మెగాబిట్ల వరకు ఇవ్వగలదు. అయితే ఒంగోలు పట్టణంలోనైనా, మిరప చేల నడుమనైనా, ఎక్స్ఛేంజికి దూరమయ్యేకొద్దీ వేగం తగ్గుతుంది.

లైను మాటిమాటికి తెగుతున్నదా? ముందు ఫోనుకు ఫిల్టరు ఉన్నదో, తీగ జాయింట్లు తుప్పు పట్టాయో చూడండి. పిదప రౌటరులో ఎస్.ఎన్.ఆర్. మార్జిన్ చూడండి. అది 6 డెసిబెల్స్ కన్న తక్కువైతే జి.డి.ఎం.టి. పద్ధతికి మార్చి చూడండి. వి.పి.ఐ. 0, వి.సి.ఐ. 35 అంకెలను మాత్రం కదపవద్దు.

వేగం కొంత తగ్గినా, బిడ్డల పరీక్ష దరఖాస్తు మధ్యలో ఆగకుండుట ముఖ్యం గదా!