సపాట తలకు దోషి ఎవరు?

బిడ్డ తల వెనక చదునుగా కనిపిస్తే మన దగ్గర మొదట లేచే ప్రశ్న బిడ్డ గురించి కాదు, తల్లి గురించి. "ఎంతసేపూ పండవెడితే సపాట గాక ఏమైతది?" కరీంనగర్‌లో మా పాపకు మూడో నెల నిండాక ఈ మాట మా అత్తమ్మ అన్నది, పక్కింటి పెద్దమ్మ అన్నది, టీకాల వరసలో నా వెనక నిలబడ్డ ముక్కూమొహం తెలియని ఆమె కూడా అన్నది. ఆడపిల్ల కదా, రేపు జడేస్తే కనిపిస్తుందని ఇంకొకామె దిగులుపడింది. నాలుగో నెలలో హైదరాబాద్‌లో ఒక క్లినిక్‌కు వెళ్తే అదే మాటను ఇంగ్లిషులో విన్నాం. అక్కడి యువకుడు పాప తలను స్కాన్ చేసి, తెర మీద రంగుల బొమ్మ చూపించి, ఆలస్యం చేస్తే సమయం మించిపోతుందన్నాడు. హెల్మెట్ ఖరీదు లక్షల్లో ఉంది. రోజుకు 23 గంటలు పెట్టి ఉంచాలి. "పేరెంట్స్ డిసైడ్ చేసుకోండి" అన్నాడు గానీ నన్నొక్కదాన్నే చూస్తూ అన్నాడు. పాప తండ్రి పక్క కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు.

అత్తమ్మ పాతకాలపు మనిషి, క్లినిక్ కొత్తకాలపు వ్యాపారం. ఈ ఇద్దరూ ఒక్క విషయంలో ఇంత తేలిగ్గా ఎట్లా ఏకీభవించారు? బిడ్డ మెత్తటి తల మీద పడిన ప్రతి ఒత్తిడికీ తల్లే జవాబుదారీ అన్న నమ్మకం ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి కాబట్టి. నేను తగాదా పెట్టుకుంటున్నది ఆ నమ్మకంతోనే.

ముందు వైద్యం సంగతి చూద్దాం. శిశువు పుర్రె ఎముకలు ఇంకా అతుక్కుని ఉండవు. లోపల మెదడు వేగంగా పెరుగుతుంటుంది. ఒకే వైపు ఎక్కువసేపు ఆనుకుంటే ఆ వైపు ఎముక చదునవుతుంది. మెడ కండరం ఒక పక్క బిగుసుకుని పుట్టిన పిల్లలు ఎప్పుడూ అటే తిరుగుతారు కాబట్టి వాళ్లలో ఇది ఎక్కువ. పిల్లల్ని బోర్లా నిద్రపుచ్చవద్దని అమెరికా శిశువైద్యులు 1992లో చెప్పారు, 1994లో దాన్నొక పెద్ద ప్రచారంగా నడిపారు. నిద్రలో హఠాత్తుగా చనిపోయే శిశువుల సంఖ్య అక్కడ సగానికి పైగా తగ్గింది. చదును తలలు పెరిగాయి. ప్రాణం దక్కినందుకు కట్టిన చిన్న సుంకం అది. కనుక వెల్లకిలా పడుకోబెట్టిన తల్లి సరైన పనే చేసింది. మిగిలిందల్లా, మెలకువగా ఉన్నప్పుడు బిడ్డను బోర్లా వేసి దగ్గర కూర్చోవడం, ఎత్తుకోవడం, తల అటూ ఇటూ మార్చడం. ఇదంతా కాలం, చేతులు. ఇవి ఎవరి దగ్గరున్నాయని మాత్రం ఎవరూ అడగరు.

హెల్మెట్ సంగతికొస్తే, నెదర్లాండ్స్‌లో 84 మంది పిల్లల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. సగం మందికి ఆరు నెలలు హెల్మెట్ పెట్టారు, సగం మందిని వదిలేశారు. రెండేళ్ల వయసుకు తల పూర్తిగా సర్దుకున్నవాళ్లు హెల్మెట్ పెట్టినవాళ్లలో 26 శాతం, పెట్టనివాళ్లలో 23 శాతం. హెల్మెట్ పెట్టిన పిల్లల తల్లిదండ్రులంతా చర్మం కమిలిందనో, చెమట వాసన అనో, ఏదో ఒక బాధ చెప్పారు. ఆ పరీక్షలో మరీ తీవ్రమైన వంకర ఉన్న పిల్లలు లేరు. అమెరికా న్యూరోసర్జన్లు 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు, వ్యాయామాలకు లొంగని మధ్యస్థ, తీవ్ర స్థాయి వంకరలకు హెల్మెట్‌ను సమర్థించాయి. అది వాళ్ల వైద్య నిర్ణయం, దానితో నాకు పేచీ లేదు. పుర్రె అతుకులు ముందే మూసుకుపోవడం పూర్తిగా వేరే జబ్బు. రెండు, రెండున్నర వేల కాన్పుల్లో ఒకరికి వస్తుంది, దానికి ఆపరేషన్ కావాలి. అందుకే డాక్టరు చేయి పెట్టి చూడాలి. కరీంనగర్‌లో మా పిల్లల డాక్టరమ్మ చూసింది. అతుకులు బాగున్నాయి, మెడ ఒక పక్క బిగువుగా ఉంది, వ్యాయామం చేయించండి చాలు అన్నది. మేం హెల్మెట్ వద్దనుకున్నాం.

వద్దనుకోవడం తేలికే. రోజుకు పలుసార్లు ఆ మెడ వ్యాయామం చేయించేదెవరు? అప్పుడు నేను ఒక కాలేజీలో పీరియడ్ లెక్కన జీతం తీసుకునే గెస్ట్ లెక్చరర్‌ని. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలైందని స్టాఫ్ రూమ్‌లో అందరం సంతోషించాం. పీరియడ్ చెప్పకపోతే జీతం లేని నాకు అది పేపర్లో వార్త మాత్రమే. ఇక తండ్రి సంగతి: కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి పితృత్వ సెలవు 15 రోజులు. మా ఆయన పనిచేసే ప్రైవేటు ఆఫీసులో అదీ లేదు. బిడ్డ మెడ నిలబడడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. పదిహేను రోజులకు తండ్రి మెడ మాత్రం నిలబడుతుందని చట్టం లెక్క వేసినట్టుంది!

"మా కాలంల గిట్ల లేకుండె" అనే మాటకు కూడా జవాబు చెప్పాలి. తల ఒత్తి గుండ్రంగా చేసేవాళ్లమని, ఆవాల మెత్త పెట్టేవాళ్లమని పెద్దవాళ్లు చెప్తారు. నిద్రలో శిశువు దగ్గర మెత్త పెట్టడం ప్రమాదమని ఇప్పుడు తెలుసు. ఒత్తితే ఎముక ఆకారం మారదు. కానీ ఆ ముచ్చటలో మరచిపోయిన మనిషి ఒకామె ఉంది. రోజూ పొద్దున్నే వచ్చి బాలింతకూ బిడ్డకూ నీళ్లు పోసి, కాళ్ల మీద బోర్లా వేసుకుని నూనె రాసి, పొగ వేసి పోయేది. ఎక్కువగా మంగలి, చాకలి, మాదిగ కులాల స్త్రీలు. ఆమె చేతిలో మంత్రమేమీ లేదు, ఆమె రెండు చేతులే మంత్రం. రోజులో కొంతసేపైనా బిడ్డ వీపు నేలకు ఆనకుండా ఉండేది. కూలీ కింద పాత చీర, శేరు బియ్యం. ఆ గంటలో ఆమె బిడ్డ ఎవరి కాళ్ల మీద ఉండేదో, "మన సంప్రదాయ శిశు సంరక్షణ" అని మురిసిపోయే వ్యాసాలు నేనెన్ని చదివినా కనబడలేదు.

స్త్రీల పనిపాటల సేకరణ కోసం పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో కొన్నేళ్లు తిరిగాను. కోరుట్ల వైపు బీడీలు చుట్టే ఇళ్లలో పాటలకంటే ముందు నా కళ్లకు కనబడింది పిల్లలే. తల్లి ఒళ్లో చాట ఉంటుంది, చాటలో ఆకు, తంబాకు, దారం. బిడ్డ ఉండాల్సిన చోటు చాటది. పక్కనే చాప మీదో తొట్టెలలోనో బిడ్డ వెల్లకిలా. కాలి బొటనవేలికి తొట్టెల తాడు కట్టుకుని ఊపుతూ చుట్టేవాళ్లను చూశాను. ఒకామెను పిల్లవాణ్ణి ఎత్తుకోవా అని అడిగితే, "ఎత్తుకుంటే వెయ్యి ఎట్లైతయి బిడ్డా?" అన్నది. వెయ్యి బీడీల లెక్కన కూలీ. బాగా లేవని కొన్ని పక్కన పడేస్తే వాటికి కూలీ రాదు. నిర్ణీత సంఖ్యకు మించి ఆడవాళ్లు పనిచేసే కార్ఖానాలో పిల్లల గది ఉండాలని 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం రాసింది. పని ఇళ్లలోకి నడిచొచ్చింది, గది మాత్రం రాలేదు. ఇంట్లోనే ఉంటుంది కదా, పిల్లల్ని చూసుకుంటూ నాలుగు రాళ్లు సంపాదించుకుంటుందని అనేవాళ్లు ఒక్క పూట ఆ చాట ఒళ్లో పెట్టుకుని చూడాలి.

బీడీ చుట్టే ఆ తునికాకు ఆదిలాబాద్ అడవుల నుంచి కూడా వస్తుంది. ఎండాకాలం తెల్లవారకముందే ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు గోండు, కొలాం స్త్రీలు ఆకుకు పోతారు. చంటిపిల్ల ఉంటే కొమ్మకు చీర కట్టి అందులో వేస్తారు, లేదా ఇంటి దగ్గర ఆరేడేళ్ల అక్కకు అప్పగిస్తారు. తెచ్చిన ఆకు కట్టలు కట్టి కల్లంలో లెక్క చెప్పేదాకా ఆ చిన్నపిల్ల చేతులే దిక్కు. ఆ పిల్ల ఎత్తుకోలేనప్పుడు కింద పడుకోబెడుతుంది. అక్కడ ఎవరూ హెల్మెట్ గురించి అడగరు. తల సపాటగా ఉందని తల్లిని మాత్రం అక్కడ కూడా అంటారు.

తలలు కొలిచే లెక్కకూ చరిత్ర ఉంది. వెడల్పును పొడవుతో భాగించి వందతో హెచ్చవేసే సూచికను 1840లలో స్వీడన్ శాస్త్రవేత్త రెట్జియస్ ప్రవేశపెట్టాడు. ఎడ్గర్ థర్స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా తెచ్చిన దక్షిణ భారత కులాల, తెగల గ్రంథం నిండా ఆ అంకెలే. అప్పుడు తలను బట్టి జాతిని తేల్చారు, ఇప్పుడు తలను బట్టి తల్లిని తేలుస్తున్నారు. క్లినిక్ ఇచ్చిన కాగితం మీద అదే సూచిక చూసి, థర్స్టన్ చదివిన నాకు నవ్వొచ్చింది.

మన సాహిత్యం ప్రసవాన్ని దాచలేదు. కొండేపూడి నిర్మల 'లేబర్ రూమ్'ను కవిత్వంలోకి తెచ్చి దశాబ్దాలైంది. ఆ గది బయటి నాలుగు నెలల మీద, ఆ చేతుల మీద మనం రాసింది తక్కువ. చట్టానికి మాత్రం ఒకసారి తట్టింది. 2005 ఉపాధి హామీ చట్టం, పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురో అంతకన్నా ఎక్కువో ఉంటే వాళ్లను చూడడానికి ఒక స్త్రీని పెట్టి కూలీ ఇవ్వాలన్నది. ఎత్తుకోవడాన్ని కూలీ దొరికే పనిగా ఒప్పుకున్న వాక్యమది. నేను తిరిగిన పనిచోట్ల ఆ స్త్రీ కనబడలేదు. తునికాకు కల్లానికీ, బీడీ చుట్టే ఇంటికీ ఆ వాక్యం చేరనే లేదు.

ఈ పత్రిక చదివేవాళ్లలో పరిశోధనలు చేయిస్తున్న అధ్యాపకులున్నారు. తల వంకర ఎన్ని మిల్లీమీటర్లో కొలిచే పనిముట్లు ఇప్పటికే ఉన్నాయి. పుట్టిన రోజు నుంచి నాలుగు నెలల దాకా ఒక బిడ్డను రోజుకు ఎన్ని గంటలు ఎవరు ఎత్తుకున్నారు, ఆ గంటల్లో వాళ్ల కూలీ ఎంత పోయింది? కోరుట్లలో, ఉట్నూరులో, మన యూనివర్సిటీ క్వార్టర్లలో కూడా ఒక్కరితోనైనా ఈ లెక్క తీయించండి. తండ్రులకు ఒక గడి పెట్టడం మరచిపోవద్దు, అది ఖాళీగా వచ్చినా సరే.