చేపలకీ ఎండాకాలమే!

వడగాడ్పులు మొదలవగానే మనం మజ్జిగ, కుండ నీళ్లు, వట్టివేళ్ల తడకలు సిద్ధం చేసుకుంటాం. హాల్లో అక్వేరియం మాట మాత్రం చాలామందికి తట్టదు. "నీళ్లలోనే ఉంటాయి కదా, వాటికేం ఎండ!" అంటారు.

చేపకి సొంత ఒంటివేడి ఉండదండీ. నీళ్లెంత వేడో దాని ఒళ్లూ అంతే. పైగా నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగే ప్రాణవాయువు తగ్గిపోతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాముల దాకా ఉండేది, 30 డిగ్రీలకి ఏడున్నరే. అందుకే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి. పాపం ఆకలనుకుని పిల్లలు ఇంకో చిటికెడు మేత వేసేస్తారు. తినని మేత మురిగి, ఉన్న గాలినీ లాగేస్తుంది. అలా నోళ్లు తెరుస్తుంటే ముందు మేత ఆపి, ఎయిర్ పంప్ పెంచండి.

గప్పీ, మోలీ, ఏంజెల్ చేపలకి 24 నుంచి 28 డిగ్రీలు హాయి. అందరం ముచ్చటపడి కొనే గోల్డ్‌ఫిష్ చల్లనీళ్ల చేప, దానికి 23 దాటకపోతే మంచిది. రెండింటినీ ఒకే తొట్టిలో వేయకండి. డిగ్రీలు చూడ్డానికి అక్వేరియం థర్మామీటరే కొనాలి. జ్వరం చూసేది 35 దగ్గర మొదలవుతుంది, దీనికి పనికిరాదు.

నీళ్లు కాగుతుంటే ఐసుముక్కలు గుప్పెడు పోసేయకండి. ఒక్కసారిగా చల్లబడితే చేప తట్టుకోలేదు. తొట్టి లైటు ఆర్పి, మూత తీసి, చేపలు ఎగిరి కిందపడకుండా దోమతెర ముక్క కట్టి, నీటి మీదుగా టేబుల్ ఫ్యాను తిప్పండి. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కోస్తా ఉక్కపోతలో అంత తగ్గదనుకోండి. అప్పుడు చిన్న సీసాలో నీళ్లు గడ్డకట్టించి, మూత బిగించి తొట్టిలో తేలనివ్వండి. ఒక డిగ్రీ తగ్గగానే తీసేయండి.

ఆవిరైన నీళ్లు రోజూ నింపాలి. అయితే మిట్టమధ్యాహ్నం మేడమీద ట్యాంకు నీళ్లు మాత్రం వద్దు, చెయ్యి పెట్టలేం! రాత్రే బకెట్లో పట్టి ఉంచితే క్లోరిన్ వాసనా చాలావరకు పోతుంది.

కరెంటు పోతే మగ్గుతో తొట్టి నీళ్లే తీసి, కాస్త ఎత్తు నుంచి మళ్లీ అందులోనే పోస్తుండండి. గాలి కలుస్తుంది.

చలికాలానికి హీటరు కొనేవాళ్లు లీటరుకి ఒక వాటు లెక్క చూసుకోండి. నీళ్లు మార్చేటప్పుడు ముందుగా ప్లగ్గు పీకేయాలి. వేడి హీటరు నీళ్లలోంచి బయటపడితే గాజు పగులుతుంది, షాకు కొట్టే ప్రమాదమూ ఉంది.