ఎరువు తెచ్చుకున్న పాతదనం

ఈమధ్య ఏ కొత్త ఫ్లాటు గృహప్రవేశానికి వెళ్ళినా హాల్లో ఒకే రకం కర్టెన్లు ఎదురవుతున్నాయి. వెలిసినట్టుండే గోధుమరంగు గుడ్డ మీద లేత గులాబీలు, అంచుకు లేసు, పైన ఇత్తడి రంగు రాడ్డు. "వింటేజ్ లుక్ అండీ, ఇంటికో చరిత్ర ఉన్నట్టుంటుంది" అని డిజైనర్ చెప్పిన మాటే ఇంటావిడ మనకు అప్పజెబుతుంది. తాళాలు చేతికొచ్చి నెల కాని ఇంటికి చరిత్ర ఎక్కడిది? సరే, ముచ్చటే అనుకుందాం. ఆ గులాబీల తెర యూరపు సొత్తనీ, మన కిటికీలకు పాతదనమంటూ ఏమీ లేదనీ ఖాయం చేసుకోవడం దగ్గరే నాకు పేచీ.

ముందు యూరపు సంగతి. పదిహేడో శతాబ్దపు లండన్‌లో పూల అద్దకం నూలుగుడ్డ వేలాడిందంటే అది చాలావరకు ఓడల్లో మన దేశం నుంచి దిగిన సరుకే. ఆ ఊరివాడైన శామ్యూల్ పీప్స్ 1663లో భార్య చదువుకునే గదికి కట్టించడానికి అలాంటి గుడ్డే కొని, ఆ సంగతి డైరీలో రాసుకున్నాడు. ఈ మోజు ముదిరేసరికి అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్సు 1686లో నిషేధం పెట్టింది. ఇంగ్లండు ముందు దిగుమతిని అడ్డుకుంది. అదీ చాలక 1721 చట్టంలో ఒంటి మీద బట్టలతో పాటు మంచం తెరలు, కిటికీ తెరలు కూడా పేరుపెట్టి మరీ వద్దంది. కిటికీకి పూలగుడ్డ కట్టుకుంటే తప్పు! డేవిడ్ గారిక్ అంతటి నటుడి భార్యకు కలకత్తా వర్తకులు కానుకగా పంపిన మంచం తెరలను కస్టమ్స్ వాళ్ళు 1775లో పట్టుకుపోయారు. అవి బందరు అద్దకాలు. ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

బందరు గుడ్డను చూసి యూరపువాళ్ళు నకలు తీశారు. ఆ నకలుకు పాలిస్టర్ మీద మళ్ళీ నకలు తీసి మనకు అమ్ముతున్నారు. బందరు పక్కనే పెడనలో ఇవాళ్టికీ గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరేస్తారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్ళతో నలుపు అద్దుతారు. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళు అద్ది, గుడ్డను కాలవలో జాడించి, రాగి కాగులో రంగుచెక్కతో ఉడికిస్తే అక్కడ మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. పెడనలో అమ్మేదంతా ఇదేనని నేననను. రసాయన రంగులూ, స్క్రీన్ ప్రింటూ అక్కడా ఉన్నాయి, అడిగి కొనుక్కోవాలి.

ఇక ఎండ సంగతి. ఉన్న కాస్త వెలుగునూ లోపలికి రానిచ్చి, వీధివాళ్ళ చూపును మాత్రం ఆపడం ఆ లేసు తెర చేసే పని. చలిదేశంలో అది సబబే. మే నెలలో విజయవాడ పడమటి కిటికీకి అదే కడితే ఏసీ బిల్లు చెబుతుంది దాని గొప్ప. అద్దం దాటి లోపలికొచ్చిన ఎండను లోపలి తెర ఆపేది కొంతే. అందుకే మన పెద్దలు దాన్ని వసారా దగ్గరే నిలేశారు. చూరుకు తడికలు కట్టారు. కలిగిన ఇళ్ళలో వట్టివేళ్ళ తడికలు వేలాడదీసి మధ్యాహ్నం నీళ్ళు చిలకరించేవాళ్ళు.

తర్వాత వచ్చింది స్ప్రింగు కర్టెన్. ప్రభుత్వ క్వార్టర్లలో, అద్దె వాటాల్లో పెరిగినవాళ్ళెవరికీ దాన్ని వర్ణించి చెప్పనక్కర్లేదు. చట్రానికి రెండు కొక్కేలు, ప్లాస్టిక్ తొడుగున్న స్ప్రింగు తీగ, దానికెక్కించిన పూల పాప్లిన్, కాకపోతే అమ్మ పాతచీర ముక్క. కిటికీ కింది రెక్కల మేరకే మూస్తుంది. వీధిలో పోయేవాడికి మంచం మీది మనుషులు కనబడరు, పైరెక్కల్లోంచి గాలి మాత్రం ధారాళంగా వస్తుంది. స్ప్రింగు సాగి తెర నడుమ జారితే నాన్న రెండంగుళాలు కత్తిరించి మళ్ళీ కొక్కెం తగిలించేవాడు. మన దగ్గర వింటేజ్ తెర అంటూ ఉంటే అదే. కానీ ఏ డిజైనరూ దాని పేరెత్తడు, ఎందుకంటే అందులో అతనికి మిగిలేదేమీ లేదు.

పెడన గుడ్డ ఎండకు వెలుస్తుందంటారు. వెలుస్తుంది. వెనక తెల్ల నూలు లైనింగు వేయిస్తే కాస్త ఆలస్యంగా వెలుస్తుంది. అయినా వెలిసినట్టు అచ్చేసిన గుడ్డకు ఎదురు డబ్బిచ్చేవాళ్ళు, నిజంగా వెలిసేదాన్ని తప్పుపట్టడమేమిటి? బాల్కనీ నిలువెత్తు అద్దాలకు స్ప్రింగు తీగ చాలదన్నమాట మాత్రం నిజం. అక్కడ అద్దానికి బయట వెదురు తడిక, లోపల నూలు తెర కట్టుకోవచ్చు. కుట్టించే ముందు మాత్రం గుడ్డను ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరేయండి. లేకపోతే మొదటి ఉతుకుకే నాలుగు వేళ్ళ మేర కురచవుతుంది.