పాత పియానో... కొత్త గొంతు

పాత వాద్యం కనిపిస్తే చాలు, 'రిపేర్ చేయించి మోగిద్దాం' అనేస్తాం. నేనైతే ఒక్క నిమిషం ఆగమంటాను. ఎందుకో చెప్తా.

పియానోని కనిపెట్టింది ఇటలీకి చెందిన బార్తొలొమియో క్రిస్టోఫొరి. ఆయన చేసిన పియానోల్లో ఇప్పటికి మిగిలినవి మూడే. 1722 నాటిది రోమ్‌లో, 1726 నాటిది జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఉన్నాయి. అన్నిటికన్నా పాతది, 1720 నాటి గ్రాండ్ పియానో, న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. దానికి 54 మెట్లు. వాయించొచ్చు కూడా! కానీ వినిపించేది క్రిస్టోఫొరి విన్న నాదం కాదు. 1938లో దాని సౌండ్‌బోర్డు మార్చేశారు. తీగల కంపనాన్ని పెద్ద శబ్దంగా మార్చే పల్చటి చెక్క పలక అది. వాద్యానికి గొంతు అదే. అసలు గొంతెలా ఉండేదో ఆ పియానో ఇక చెప్పలేదు.

అలాగని మూగగా వదిలేయాలా? అక్కర్లేదు. కొలతలు తీసుకుని, అచ్చం అలాంటిదే కొత్తగా చేసి వాయిస్తున్నారు. ఇలాంటి అరుదైన వాటి విషయంలో నా ఓటు దానికే.

మీ ఇంట్లో తాతగారి హార్మోనియం ఉందా? శుభ్రంగా బాగు చేయించుకోండి. ముందు ఫొటోలు తీయండి. ఊడదీసిన భాగాలు మాత్రం పారేయకండి. రేపెవరైనా ఆ పాత గొంతు కోసం వెతికితే, దొరికే ఆధారం అవే.