బావి నీటికి పద్దు పుస్తకము

మన సంఘమున అప్పు తీసికొన్న ప్రతి సభ్యుని పేర ఒక పద్దు ఉండును. ఎంత తీసికొనెను, ఎప్పుడు చెల్లించెను, వడ్డీ యెంత, నిలువ యెంత, అన్నియు అందు కానవచ్చును. పద్దు లేక అప్పిచ్చు సంఘము మూడేండ్లు నిలువదని మనలో చిన్నవాడును ఎరుగును. అట్లుండగా, ఏ నీటిని నమ్మి ఆ యప్పు తీసికొనుచున్నామో ఆ నీటికి మాత్రము మన గ్రామములలో పద్దు లేదు. బోరు ఎండిననాడు జల పోయినదందుము. అది యెన్నటినుండి పోవుచున్నదో, ఏటి కెన్ని అడుగులు దిగినదో చెప్పగలవారు అరుదు. వానకు కొలత, బావికి కొలత, ఈ రెండును ప్రతి గ్రామమున రైతులే వ్రాసి యుంచవలయుననియు, అట్టి పుస్తకము లేనిచోట క్రొత్త బోరునకు సంఘము అప్పీయరాదనియు నా యభిప్రాయము. రెండవ మాట కొందరికి కటువుగా తోచును. కారణములు విన్నవించెదను.

భూగర్భజలమును కొలుచుటకు నేడు లోకమున గల సాధనములలో మిక్కిలి వింతయైనది ఆకాశమున నున్నది. 2002 సం. మార్చి నెలలో అమెరికా, జర్మనీ దేశములవారు గ్రేస్ అను పేర రెండు ఉపగ్రహములను పైకి పంపిరి. అవి నేలను ఫొటో తీయవు, నీటిని చూడవు. ఒకదాని వెనుక నొకటి సుమారు 220 కిలోమీటర్ల యెడముతో భూమిని చుట్టుచు, తమ నడిమి దూరమును మాత్రము ఎడతెగక కొలుచుకొనుచుండెను. క్రింద బరువు హెచ్చుగా నున్న తావు రాగానే ముందరి యుపగ్రహము ఆ బరువుచే ఒకింత ముందునకు లాగబడును, ఎడము పెరుగును. పిమ్మట వెనుకది లాగబడును, ఎడము తగ్గును. ఆ మార్పు తలవెండ్రుక మందములో చిన్న భాగమే యైనను యంత్రము పట్టుకొనును. కొండలు నెలనెలకు మారవు గదా. కావున ఒకే తావున నెలనెలకు బరువు మారినచో అందు హెచ్చుపాలు నీటి రాకపోకలదే. మనము ధాన్యపు బస్తాను కాటా వేసినట్లు వారు దేశములనే కాటా వేసిరన్నమాట.

ఆ కాటాలో మన దేశమునకు వచ్చిన తూకము 2009 సం.మున నేచర్ అను శాస్త్రపత్రికలో వెలువడెను. రాజస్థాను, పంజాబు, ఢిల్లీతోకూడ హర్యానా, ఈ ప్రాంతములలో 2002 ఆగస్టు మొదలు 2008 అక్టోబరు వరకు 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలము తరిగిపోయెనని రాడెల్ మొదలగు శాస్త్రజ్ఞులు లెక్క తేల్చిరి. ఆ యేండ్లలో వానలు ఇంచుమించు మామూలుగానే కురిసినవి. తోడిన దానివలననే తరిగినది. 2017 సం.మున ఆ రెండు ఉపగ్రహముల పని ముగియగా, మరుసటి యేట వాని స్థానమున మరి రెంటిని పంపిరి.

ఇంత గొప్ప కాటాకును ఒక లోపము కలదు. అది వందల కిలోమీటర్ల నేలను ఒక్క ముద్దగా తూచునే గాని, మన మండలమును వేరుగా తూచలేదు. మన యూరి బావిని అసలే యెరుగదు. కేంద్ర భూగర్భజల సంస్థవారు తాము ఎన్నుకొన్న బావులలో ఏటికి నాలుగు మార్లు మట్టము కొలుతురు. అది దేశపు లెక్కకు అక్కరకు వచ్చును. ఈ రబీలో నేను వరి వేయుదునా, వేరుసెనగ వేయుదునా యను రైతుకు నాలుగు కొలతలు చాలవు, ఆ బావి అతని బావియు కాదు.

ఇక మన నేల సంగతి. పంజాబు నేల నదులు మోసికొని వచ్చిన ఇసుక, ఒండ్రు. రాయలసీమయందును, తెలంగాణమున పెక్కు భాగములందును క్రింద నున్నది నల్లరాయి జాతి చట్టు. దానిపై కాలక్రమమున చివికిన మొరము, అందు కొన్ని గజముల లోతున చెమ్మ, ఆ క్రింద రాతి నెర్రెలు. మన నీరంతయు ఈ మొరములోను, ఆ నెర్రెలలోను ఉన్నదే. ఈ భేదము ఎంతటిదో అంకెలతో చూడుడు. పై శాస్త్రజ్ఞులు ఉత్తరదేశపు నేలలో నూరు పాళ్లకు 12 పాళ్లు తోడుకొనదగిన నీరుండునని లెక్కకు తీసికొనిరి. మన మొరములో అది ఒకటి మొదలు మూడు పాళ్లు మాత్రమే. రెండు పాళ్లనుకొందము. వానలలో 60 మిల్లీమీటర్ల నీరు నేలలోనికి ఇంకినచో, అక్కడ బావిలో మట్టము అర మీటరు లేచును. ఇక్కడ మూడు మీటర్లు, అనగా పది యడుగులు లేచును. మన రైతు బావిలోనికి తొంగిచూచి, పది యడుగులు లేచినదని సంతోషించి వరినారు పోయును. లేచినది పది యడుగులే గాని, చేరిన నీరు రెండున్నర అంగుళములకు మించదు. త్వరగా నిండునది త్వరగానే ఎండును. మాఘమాసమునకు వరి పొట్టకు రాకమునుపే మోటారు గాలి పీల్చుట ఇందువలననే.

అట్లు ఎండిన పిమ్మట జరుగు కథ చదువరులకు తెలియనిది కాదు. ఇంకొక వంద యడుగులు దింపుము అనువాడొకడు, ఆ మూలకు జరుపుము అనువాడొకడు. అరచేతిలో కొబ్బరికాయ నిలువబెట్టియో, వేపపంగ పట్టియో జల చూచువారు వత్తురు. వారిని పరిహసించుట నా యుద్దేశము కాదు. వారిలో నేలను, చెట్లను, పుట్టలను చక్కగా గమనించు అనుభవశాలురు కలరు. కాని పంగకర్రకే మహిమ యున్నదా యనుటను పరీక్షించినవారును కలరు. జర్మనీలో మ్యూనిక్ నగరముచెంత 1987, 88 సంవత్సరములలో ఒక కొట్టము క్రింది యంతస్తున నీటి గొట్టమును ఇటునటు జరుపుచు, పై యంతస్తున నిలిచినవారిని అది యెక్కడ నున్నదో చెప్పుమనిరి. సుమారు 500 మందిని ముందు చూచి, అందు సమర్థులని తోచిన 43 మందిచేత 843 మార్లు పరీక్ష చేయించిరి. పరీక్ష చేసినవారు కొందరిలో శక్తి కలదనిరి. ఎన్‌రైట్ అను శాస్త్రజ్ఞుడు అవే అంకెలను తిరుగ లెక్కించి, కన్నులు మూసికొని చెప్పినదానికంటె మేలేమియు లేదని 1995 సం.మున వ్రాసెను. అంకెలు వ్రాసి యుంచిరి గనుకనే ఆ వాదము తేలినది. మన గ్రామములలో పడిన బోర్ల కథ పదిమందికి చెప్పుదుము, పడని బోర్లను పూడ్చి మరతుము. ఇక లెక్క యెక్కడిది?

నేలలోనికి విద్యుత్తు పంపి రాతి నిరోధమును కొలుచు యంత్రము మెరుగైనదే. చెమ్మగల మొరములో విద్యుత్తు సులువుగా పారును, గట్టి చట్టులో పారదు. కాని బంకమన్నును చెమ్మవలెనే కానవచ్చును, లోతున నున్న సన్నని నెర్రె దానికి చిక్కదు. అది జూదమును తగ్గించును గాని మాన్పదు. పైగా ఏ యంత్రమైనను నీరెక్కడ నున్నదో చెప్పునే గాని, ఎన్నాళ్లుండునో చెప్పదు. ఎన్నాళ్లుండునో చెప్పునది యేటేట వ్రాసిన పుస్తకమొక్కటే.

ఇది ఊహ కాదు, మనవారే చేసి చూపిరి. 2003 సం.మున మొదలై, నెదర్లాండ్సు దేశపు ధనసహాయముతోను ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యమునను నడచిన రైతు నిర్వహిత భూగర్భజల పథకములో అనంతపురము, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశము, నల్లగొండ, మహబూబునగరు జిల్లాలలోని 600కు పైబడిన గ్రామములు చేరినవి. స్త్రీలును పురుషులును కూడ వర్షమాపకములను చదివిరి, పక్షమున కొకమారు బోర్ల మట్టములు కొలిచిరి, బిందెయు గడియారమును పెట్టి నీటి ధారను లెక్కించిరి. రబీకి ముందు ఊరందరును కూడి, చేరిన నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత యని బడ్జెటు వేసి గోడపై వ్రాసిరి. ఎవనిని ఏ పంట వేయవలదని శాసింపలేదు, ఆశపెట్టి సబ్సిడీ యీయలేదు. ఆ యంకెలు చూచి పలువురు తమంతట తామే వరి తగ్గించి ఆరుతడి పంటలకు దిగిరి. అయితే పథకము ముగిసిన పిమ్మట అనేక గ్రామములలో ఈ పని సాగలేదని తరువాత పరిశీలించినవారు చెప్పిరి. నా మనస్సునకు హెచ్చు కష్టము తోచునది ఇదియే. పథకములు వచ్చును, పోవును. సంఘము ఊరిలోనే యుండును. ఈ పుస్తకము సంఘము చేతిలో నుండవలయునని నే ననుటకు ఇది ముఖ్యకారణము.

బడ్జెటు వేయుట పెద్ద విద్య కాదు. ఒక యెకరముపై ఒక మిల్లీమీటరు వాన యనగా సుమారు 4 వేల లీటర్లు. ఒక యూరికి 1000 ఎకరముల నేల, 600 మిల్లీమీటర్ల వాన యనుకొందము. అందు పదవ వంతు ఇంకినచో 60 మిల్లీమీటర్లు, అనగా 24 కోట్ల లీటర్లు. రబీ వరికి ఎకరమునకు 1200 మిల్లీమీటర్ల నీరు పట్టునని చూచినచో 48 లక్షల లీటర్లు. వెరసి ఆ యూరి నీరంతయు 50 ఎకరముల వరికి సరి! వేరుసెనగకు 500 మిల్లీమీటర్లు చాలునన్నచో 120 ఎకరములు పండును. పొలమున కట్టిన నీటిలో కొంత మరల క్రిందికి దిగును గాని, త్రాగుటకును పశువులకును విడువవలసిన దాని నిందు కలుపనే లేదు. నాలుగైదు కూడికలు, గుణింతములు తెలిసిన పిల్లవాడు ఈ లెక్క చేయగలడు.

కొలుచు పద్ధతి కూడ సులభమే. చెట్లకును గోడలకును దూరమున, మూతి సమముగా నుండునట్లు వర్షమాపకమును నిలిపి, ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నరకు చదువవలెను. వాతావరణశాఖవారి వేళయు అదియే. కొననిచో, అడుగునుండి మూతివరకు ఒకే వెడల్పు గల డబ్బాలో నిలిచిన నీటి లోతును స్కేలుతో చూచినను చాలును. బావికి ఇనుప టేపు చివర బరువు కట్టి, చివరి రెండడుగులకు సుద్ద పూసి దింపవలెను. సుద్ద తడిసిన మేర తీసివేయగా మిగిలినది నీటి లోతు. బోరులో గొట్టములకును తీగలకును టేపు చిక్కుకొనును గనుక ప్రక్కన ఒక సన్నని గొట్టము దింపియుంచుట మేలు. నీరు తగులగానే మ్రోగు తీగ యంత్రములును దొరకును. మోటారు ఆపి నాలుగైదు గంటలు గడచిన పిమ్మట, ఎల్లప్పుడును ఒకే గుర్తునుండి కొలువవలెను. 20 లీటర్ల బకెట్టు పది సెకండ్లలో నిండినచో బోరు గంటకు 7200 లీటర్లు ఇచ్చుచున్నదన్నమాట. మన పెద్దలు మోట తోలునాడు ఎన్ని బానలు తోడినదియు ఎద్దుల రొప్పే చెప్పెడిది. 2004 సం. నుండి పెక్కుమంది రైతులకు వ్యవసాయపు కరెంటు ఉచితమైనందున బిల్లు చూచి తెలిసికొను కొలతయు పోయినది. ఆ సాయమును తప్పు పట్టను. కొలత పోయినదని మాత్రము చెప్పుచున్నాను.

చదువురాని రైతులచే ఇది యగునా యని యొక యుద్యోగి నన్నడిగెను. ఇంగ్లండులో సైమన్సు అను నాతడు 1860 సం.మున వాన కొలుచువారిని కూడగట్ట మొదలిడెను. నాతడు 1900 సం.మున మరణించునాటికి మూడు వేలకు మించిన జనులు, మతగురువులు, భూస్వాములు, బడిపంతుళ్లు, జీతము లేకయే తమ పెరళ్లలో దినదినము వాన కొలిచి పంపుచుండిరి. ఆతని పేరి వర్షమాపకమునే మన దేశములోను చిరకాలము వాడిరి. వారిలో శాస్త్రజ్ఞులు కొందరే. దినము తప్పక వ్రాయువారు కావలెను గాని పండితులు కానక్కరలేదు.

వేరొక యాక్షేపణ బరువైనది. వ్రాసిన లెక్క సర్కారు చేతబడినచో 2002 సం. నాటి వాల్టా చట్టము క్రింద మా బోర్లు ఆపుదురేమో యని రైతులు జంకుదురు. ఆ భయము నిరాధారమని నేననను. అందుచేతనే పుస్తకము ఊరి సభ్యులదై, సంఘపు బీరువాలో నుండవలెను. బోరు లేని మెట్టరైతులును కౌలుదారులును అడుగునది వేరు: మాకు లేని నీటికి మేమేల కొలవవలెను? వారి త్రాగునీటి బావి ఎండుచున్నది పొరుగువాని బోరువలననా, వాన లేమివలననా యను దానికి ఈ పుస్తకము తప్ప సాక్ష్యము లేదు. వారే ముందుగా కొలువదగినవారు.

రాబోవు మహాజనసభలో చర్చించుటకై నా కోరిక యిది. గ్రామమున కొక వర్షమాపకమును, ఒక టేపును, గట్టి యట్ట గల ఒక పుస్తకమును సంఘపు సామాన్యనిధినుండి కొనవలెను. ఊరికి అయిదు బావులు ఎన్నుకొని, అందు రెండు మెట్టరైతుల వాడకపు బావులు కావలెను. పక్షపు కొలతలను సంఘపు గోడపై సుద్దతో వ్రాయవలెను. రెండేండ్ల కొలతలు చేరువరకు క్రొత్త బోరు అప్పులను ఆపి, ఆ సొమ్మును పాత బావుల పూడికతీతకును, తుంపర, బిందు సేద్యపు గొట్టములకును ఈయవలెను. రెండేండ్లు మిక్కిలి దీర్ఘమందురేని ఒక యేడైనను సమ్మతమే గాని, ఆ యేట వర్షకాలమును వేసవియు రెండును చేరియుండవలెను.