ఏరు ఉంది, గట్టున నడిచే దారే లేదు

కుప్పం, పుంగనూరు, మదనపల్లె ప్రాంతాలలో ఒక సెలవు రోజున పిల్లాపాపలతో, ముసలీముతకతో కలిసి ఏటి గట్టున మైలు దూరం నడిచి రావాలంటే ఎక్కడికి వెళ్లాలి? ప్రశ్న చిన్నదే గాని జవాబు అంత సులభం కాదు. ఈ పడమటి ప్రాంతంలో నదులు లేక కాదు. బహుదా, కౌండిన్య, కైగల్, పాలారు ఉన్నాయి. కరువైనదల్లా వాటి ఒడ్డుకు చేరే దారి, చేరిన తరువాత నిర్భయంగా నడిచే చోటు.

ఇదేమీ తీరికగల వారి విలాసం కాదు. టిక్కెట్టు, బస్సు చార్జీ పెట్టి హార్స్‌లీ హిల్సుకు వెళ్లలేని కూలి కుటుంబానికి కాసింత గాలి పోసుకునేందుకు మిగిలినది చెరువు కట్ట, ఏటి గట్టు మాత్రమే. అవి కూడా చేజారితే పల్లె పిల్లలకు ఏరంటే పాఠ్యపుస్తకంలో బొమ్మగానే మిగులుతుంది.

33 కిలోమీటర్ల పాలారు

కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన పాలారు మొత్తం 348 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. అందులో కర్ణాటకలో 93, తమిళనాడులో 222 కిలోమీటర్లు పోగా, మన రాష్ట్రంలో సాగేది 33 కిలోమీటర్లే. ఆ కాస్తా కుప్పం ప్రాంతానికి దక్కింది. ఏడాదిలో అధిక భాగం ఇసుక మేటగానే కనిపించే ఈ ఏటిలో వానలు పడితేనే నీటి జాడ. ఆ వాన నీటిని నిలుపుకునేందుకు కట్టినవే చెక్‌డ్యాములు.

రాష్ట్ర సరిహద్దున పెద్దవంక వద్ద, కనకనాచియమ్మ గుడి దగ్గర ఉన్న చెక్‌డ్యాము ఎత్తును 2016లో 5 అడుగుల నుంచి 12 అడుగులకు పెంచారు. దానిపై తమిళనాడు అభ్యంతరం చెప్పి సుప్రీంకోర్టుకు వెళ్లింది. గణేశపురం వద్ద రిజర్వాయరు ప్రతిపాదనపై 2006 నుంచే వివాదం ఉన్నది. ఆ వాదానికి ఆధారం మద్రాసు, మైసూరు ప్రభుత్వాల మధ్య 1892లో కుదిరిన ఒప్పందం. నీటి వాటాలపై ఇన్నేళ్లుగా వాదోపవాదాలు నడుస్తుండగా, ఆ నీటి పక్కన నడిచే మనిషి సంగతి మాత్రం ఏ కాగితంలోనూ చోటు చేసుకోలేదు. గుడికి సరిహద్దుకు రెండు వైపుల నుంచీ కుటుంబాలు వస్తాయి. వారికి కావలసింది నీటి వాటా కాదు. పిల్లవాడు జారిపడకుండా నిలబడేందుకు గట్టి నేల, కాస్త నీడ.

కాలువ వేరు, ఏరు వేరు

ఇదిలా ఉండగా హంద్రీ-నీవా కాలువ ద్వారా శ్రీశైలం నీరు 700 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి కుప్పం చేరింది. 2025 ఆగస్టు 30న పరమసముద్రం వద్ద ముఖ్యమంత్రి జలహారతి ఇచ్చారు. కరువు సీమకు ఇది శుభవార్తే. అయితే కాలువ గట్టు ఏటి గట్టుకు బదులు కాదు. వాలుగా, నున్నగా ఉండే కాలువ గోడల మీద కాలు జారితే పట్టుకునేందుకు ఆసరా దొరకదు. పసిపిల్లలతో షికారుకు అది తగిన చోటు కాదు. ఏటికైతే పల్లపు ఇసుక ఒడ్డు, గడ్డి, చెట్టు ఉంటాయి. కాలువలపై పెట్టిన శ్రద్ధలో పదో వంతు ఏటిపై పెట్టినా ఫలితం కనిపిస్తుంది.

అడవి అంచున జాగ్రత్త

పలమనేరు - కుప్పం రోడ్డులో కైగల్ వద్ద దుముకురాళ్ల జలపాతం చూడముచ్చటైన చోటు. కాని అది కౌండిన్య అభయారణ్యంలో భాగం. తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు 1980లలో ఇటు వలస రాగా, 1990లో ఈ అభయారణ్యం ఏర్పడింది. మనిషి నడిచే ఒడ్డుకే ఏనుగూ నీటికి దిగుతుంది. 2025 మే నెలలో కర్ణాటక నుంచి నాలుగు కుంకీ ఏనుగులను మన రాష్ట్రానికి అప్పగించినా, మందలు పొలాల మీదికి వచ్చే బెడద ఒక్క రోజులో తీరేది కాదు. కనుక అడవి అంచున నడక పట్టపగలు మాత్రమే, అటవీ సిబ్బందిని అడిగి తెలుసుకున్న తరువాతనే. పొద్దు వాలకముందే ఇల్లు చేరడం మేలు.

బహుదా చెప్పే పాఠం

మదనపల్లె మీదుగా సాగే బహుదా దిగువన పింఛా నదితో కలిసి చెయ్యేరు అవుతుంది. ఆ చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు 2021 నవంబరు 19న తెగిపోయి పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట గ్రామాలను ముంచింది. ఎండిన ఏరు చచ్చిన ఏరు కాదని ఆ రోజు రుజువైంది. ఏళ్ల తరబడి నీరు రాలేదని ఏటి పోరంబోకులో గోడలు లేపేవారు, చెత్త కుమ్మరించేవారు ఈ సంగతి మరువరాదు. గట్టును ఖాళీగా ఉంచితే మామూలు రోజుల్లో నడకకు, వరద రోజున నీటికి అదే దారి.

పెద్ద ఖర్చు పని కాదు

నడక దారికి సిమెంటు, రంగు దీపాలు, రెస్టారెంట్లు అక్కరలేదు. ముందుగా సర్వే చేసి ఏటి పోరంబోకుకు హద్దు రాళ్లు పాతాలి. ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011 జనవరిలో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పి ఉన్నది. రెండవది, ముళ్లకంప కొట్టించి మనుషులు నడిచే బాట వేయడం. కానుగ, వేప మొక్కలు నాటడం. ఇవి పంచాయతీలు చేయించగల పనులే. మూడవది, ఇసుక తవ్విన గుంతలను పూడ్చడం. వాన నీరు నిండితే గుంత లోతు పైకి తెలియదు. ఈతకు దిగిన పిల్లలకు అదే మృత్యువు. 2002 నాటి వాల్టా చట్టం ఇసుక తవ్వకాలపై ఆంక్షలు పెట్టింది. అమలు చేయవలసింది అధికారులు.

జనం నడిచే గట్టు మీద రాత్రికి రాత్రి ఇసుక ట్రాక్టర్లు తిరగడం కష్టం. నలుగురి కళ్లు పడే ఒడ్డున చెత్త వేయడానికి జంకు పుడుతుంది. అంటే కుటుంబాల నడక ఏటికి కాపలా కూడా. పుంగనూరు వంటి చోట్ల ఆధారమైన చెరువు కట్టలకూ ఇదే వర్తిస్తుంది.

ఈ వానాకాలం ముగిసి ఏటిలో నీటి ఊట ఉండగానే ప్రతి మండలంలో ఒక్క మైలు గట్టునైనా ఎంచి బాగు చేయడం మంచిది. ఒక చోట మొదలైతే పక్క ఊరి వారు తమకూ కావాలని అడగక మానరు. రెవెన్యూ, నీటిపారుదల, పంచాయతీ అధికారులు కలిసి కూర్చుంటే తేలే పని ఇది. వారు శ్రద్ధ చూపవలసి ఉన్నది.