స్టీరింగు ర్యాకు, మేస్త్రీ మాట, మన తెలుగు

ఇంజను మొరాయిస్తే కారు నడిరోడ్డున ఆగిపోతుంది. స్టీరింగు మొరాయిస్తే కారు ఆగదు. తనకు తోచిన వైపునకు పోతుంది. అటువంటి భాగాన్ని విప్పి, పాతది తీసి, కొత్తది బిగించే పని విజయవాడ ఆటోనగరు మొదలు చిన్న మండల కేంద్రంలోని రేకుల షెడ్డు వరకు నిత్యమూ జరుగుతూనే ఉన్నది. జరిగేది తెలుగులో. “అటు పట్టు, ఇటు వదులు, ఇంకొక చుట్టు తిప్పు” – అంతా తెలుగే. కాని ఆ పనిలో ఏది చేయరాదో చెప్పే కాగితం మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది. ఈ ఎడంలో ప్రమాదం పొంచి ఉన్నదనీ, దీనిని పూడ్చే బాధ్యత ఇంజనీర్లతో పాటు మావంటి తెలుగు పండితుల మీద కూడా ఉన్నదనీ నా అభిప్రాయం.

సంధులు, సమాసాలు చెప్పుకొని పదవీ విరమణ చేసినవాడికి స్టీరింగుతో పనేమిటని చదువరులకు అనిపించవచ్చు. ముందు ఆ యంత్రం సంగతి చెప్పి, తరువాత నా పని ఏమిటో మనవి చేస్తాను.

డ్రైవరు చేతిలోని చక్రం గుండ్రంగా తిరుగుతుంది. ముందు చక్రాలు మళ్ళాలంటే వాటిని పక్కకు నెట్టాలి. గుండ్రటి తిరుగుడును అడ్డపు కదలికగా మార్చే ఉపాయమే ర్యాకు–పినియను. స్టీరింగు కడ్డీ కొసన ఉండే చిన్న పళ్ళ చక్రం పినియను. ఒక వైపున వరుసగా పళ్ళు కోసిన నిలువు కడ్డీ ర్యాకు. అది ఒక గొట్టంలో అడ్డంగా పడుకొని ఉంటుంది. పినియను తిరిగితే ర్యాకు కుడికో ఎడమకో జరుగుతుంది. దాని రెండు కొసలకూ ఉన్న టై రాడ్లు ముందు చక్రాలను లాగుతాయి, నెడతాయి. ఆ కొసలలోనికి దుమ్మూ నీరూ పోకుండా ముడతలు ముడతలుగా రబ్బరు బూట్లు తొడిగి ఉంటారు. ఇంతే. ఇంత సులువైనది గనుకనే ఇది నిలిచింది. 1948 నాటి మోరిస్ మైనరులో ఈ ఏర్పాటే ఉండేది. మన అంబాసిడరులోనూ ఇదే. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లోనూ ఇదే. నేటి చిన్న కార్లలో దీనికి ఒక విద్యుత్తు మోటారు తోడయింది గాని, లోపలి పళ్ళూ కడ్డీ అవే.

నా కారు పదమూడేళ్ళ పాతది. నూనె ఒత్తిడితో పనిచేసే పవర్ స్టీరింగు. కొంతకాలంగా స్టీరింగు నూనె తగ్గుతూ వచ్చింది; గతుకులలో టకటకమనే చప్పుడు కూడా మొదలయింది. ఒక పెద్ద వర్కుషాపులో ఆ చప్పుడు విన్నంతనే ర్యాకు మొత్తం మార్చాలని చీటీ వ్రాసి ఇచ్చారు. మా వీధి చివర షెడ్డు నడిపే మేస్త్రీ అలా అనలేదు. “చప్పుడుకు కారణాలు చాలా ఉంటాయి పంతులు గారూ. టై రాడ్ ఎండు కావచ్చు, కింది ఆరము బుష్షు కావచ్చు, కడ్డీ మధ్యలో జాయింటు కావచ్చు. ర్యాకు చివరి అనుమానం” అన్నాడు. అన్నీ ఒక్కొక్కటిగా పట్టి కదిలించి చూశాడు. చివరకు బూటు అంచు ఎత్తగానే లోపలినుండి నూనె బొటబొట కారింది. లోపలి జాయింటు కూడా వదులై ఉన్నది. అప్పుడు గాని ర్యాకు మార్చవలసిందేనని తేల్చలేదు. న్యాయశాస్త్రంలో పూర్వపక్షాలన్నీ తోసివేసిన తరువాతనే సిద్ధాంతం చెప్పినట్లున్నది ఆ పద్ధతి.

మరునాడు పని చేస్తుండగా ఒక స్టూలు వేసుకొని చూస్తూ కూర్చున్నాను. మాట విన్నప్పుడల్లా చిన్న పుస్తకంలో వ్రాసుకున్నాను. చక్రాలను నిటారుగా ఉంచి బ్యాటరీ తీగ తీశారు. కారును జాకీ మీదనే వదలక స్టాండ్లపై నిలిపి ముందు చక్రాలు విప్పారు. టై రాడ్ ఎండు దగ్గరి చీలను ఊడదీసి, గంట్లున్న నట్టును వదులు చేసి, సుత్తితో బాదకుండా పుల్లరుతో జాయింటును విడదీశారు. ఎండు ఎన్ని మర చుట్లకు ఊడివచ్చిందో కుర్రవాడు పైకి లెక్కపెట్టాడు – మళ్ళీ అన్నే చుట్లు ఎక్కించడానికి. స్టీరింగు కడ్డీ ర్యాకుతో కలిసే చోట తెల్లరంగుతో గీత గీసి బోల్టు తీశారు. నూనె పళ్ళెంలోకి దించి, గొట్టాలు విప్పి మూతులకు గుడ్డ కట్టారు. ఆ తరువాత పట్టీల బోల్టులు తీసి, ర్యాకును పక్క సందులోనుండి మెల్లగా మెలితిప్పి బయటికి లాగారు.

కొత్త ర్యాకు బిగించేముందు మేస్త్రీ దానిని ఈ కొసనుండి ఆ కొసకు తిప్పి చుట్లు లెక్కించాడు. మొత్తం మూడు చుట్లు. ఒకటిన్నర వెనక్కి తిప్పి సరిగ్గా నడుమ నిలిపాడు. నడుమ నిలపకుండా బిగిస్తే కారు ఒక వైపు ఎక్కువగా, మరొక వైపు తక్కువగా మళ్ళుతుంది. బిగింపంతా టార్కు రెంచితో, ఆ కారుకు చెప్పిన లెక్క ప్రకారం. గంట్ల నట్టు రంధ్రానికి సరిపడకపోతే దానిని ఇంకొంచెం బిగించి సరిచేయాలే గాని, ఎన్నడూ వెనక్కి వదలరాదన్నాడు. పాత చీలను మళ్ళీ వాడలేదు. ఇంజను ఆపి ఉంచి, చక్రాలు గాలిలో ఉండగానే స్టీరింగును అటూ ఇటూ తిప్పుతూ నూనెలోని గాలిని పోగొట్టారు. చివరగా చక్రాల అలైన్‌మెంటు. మర చుట్లు లెక్కపెట్టడం షెడ్డునుండి అలైన్‌మెంటు కేంద్రం దాకా జాగ్రత్తగా పోవడానికే గాని దానికి బదులు కాదట.

ఇప్పుడు అసలు సంగతి. కడ్డీ బోల్టు తీయకముందే మేస్త్రీ సీటు బెల్టును స్టీరింగు చక్రం లోపలినుండి పోనిచ్చి బిగించి కట్టాడు. ఎందుకని అడిగితే చెప్పాడు: స్టీరింగు చక్రం కింద చుట్టగా చుట్టిన పలుచని తీగపట్టీ ఉంటుంది, ఎయిర్‌బ్యాగుకూ హారనుకూ కరెంటు దానిలోనుండే పోతుంది. ర్యాకునుండి విడిపోయిన చక్రాన్ని ఎవరైనా ఊరికే గిరగిర తిప్పితే ఆ పట్టీ తెగిపోతుంది. పక్కనున్న కుర్రవాడు తలవంచుకొని, తాను ఇంతకుముందు పనిచేసిన షెడ్డులో ఇలాగే ఒకటి తెగిందని చెప్పాడు. అక్కడ అతనికి ఎవరూ చెప్పలేదు. కొత్త ర్యాకు పెట్టెలోని కాగితం ఇద్దరమూ తెరిచి చూశాము. పెద్ద అక్షరాలతో, గళ్ళు కట్టి మరీ ఆ హెచ్చరిక వ్రాసి ఉన్నది – ఇంగ్లీషులో. పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన ఆ పిల్లవాడు చురుకైనవాడు. కాని ఆ గళ్ళలోని వాక్యం అతనికి అలంకారమే గాని ఆజ్ఞ కాలేదు.

2019 జూలై 1 నుండి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది. అంటే ఒకప్పుడు ఖరీదైన కార్లకు మాత్రమే వర్తించిన ఈ జాగ్రత్త ఇకమీదట ప్రతి రేకుల షెడ్డుకూ వర్తిస్తుంది. దానిని చెప్పే భాష మాత్రం షెడ్డు దాకా రాలేదు.

దీనిని తెలుగులో వ్రాయాలంటే ఏ తెలుగులో వ్రాయాలి? ఇక్కడనే మా పండితులతో నాకు పేచీ. ర్యాకును “దంతయుత దండ”మనీ, పినియనును “లఘు దంతచక్ర”మనీ కూర్చడం నాకు క్షణంలో పని. వ్యాకరణ దోషం కూడా ఉండదు. కాని ఆ మాట విని ఏ మేస్త్రీ చేయీ పానా మీదికి పోదు. హెచ్చరికలోని మాట వినగానే వస్తువు కంటికి కట్టాలి. కట్టకపోతే ఆ హెచ్చరిక ఇంగ్లీషులో ఉన్నా ఒకటే, సంస్కృతంలో ఉన్నా ఒకటే.

ఇక ఆ షెడ్డులో నేను వ్రాసుకున్న మాటలు చూడండి: మర, చుట్టు, పళ్ళు, పట్టీ, చీల, గంటు, కందెన, పానా. వీటిలో కందెన ఎడ్లబండి ఇరుసుకు పూసినది. చీల కూడా అక్కడిదే; బండి చక్రం ఇరుసునుండి జారిపోకుండా కొసన దిగగొట్టేదానిని కడచీల అంటారు. టై రాడ్ నట్టు ఊడిపోకుండా కాచే పిన్ను చేసేది అచ్చంగా ఆ పనే. బండి పోయింది, ఇరుసు మారింది, మాట మాత్రం తన పని వెదుక్కొని కారు కిందికి చేరింది. ఇంగ్లీషునుండి వచ్చినవి సైతం నట్టు, బోల్టు, బూటు, ర్యాకు అని మన ఉకారం తొడుక్కొని, “నట్టుకు, నట్టుతో, నట్టులో” అని మన విభక్తులకు లోబడినవి. విభక్తికి లోబడిన మాట మన మాటే. దానిని వెళ్ళగొట్టడం భాషాసేవ కాదు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన మార్గం కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వెలువడినప్పుడు వ్యవసాయ పదాలు (1962), చేనేత పదాలు (1971) ఆయా పనివారి నోటినుండే సేకరించారు. రైతునూ నేతగానినీ అడిగినట్లే ఈనాడు మోటారు మేస్త్రీని అడగాలి. ఆయన వృత్తి మాత్రం వృత్తి కాదా?

“చూచి నేర్చుకొనే విద్యకు కాగితం ఎందుకు? ఇప్పుడు చేతి ఫోనులో తెలుగు వీడియోలు కూడా ఉన్నవి కదా” అనవచ్చు. ఉన్నవి, వాటిలో మంచివీ ఉన్నవి. కాని చూపు ఏమి చేయాలో నేర్పుతుంది. ఏది చేయరాదో, ఎందుకు చేయరాదో మాటయే నేర్పాలి. చేయని పొరపాటు కంటికి కనిపించదు గదా! నట్టును వెనక్కి వదలకపోవడం, చక్రాన్ని తిప్పకపోవడం వీడియోలో ఎక్కడ కనిపిస్తాయి? పైగా బిగింపు లెక్క కారుకు కారుకు వేరు. దానిని పని నడుమ చేతి పక్కన పెట్టుకొని చూడడానికి వ్రాత కావాలి.

అందుచేత నేను కోరేది పెద్ద గ్రంథం కాదు. స్టీరింగు, బ్రేకు విడిభాగాలు అమ్మే ప్రతి కంపెనీ ఇక్కడ అమ్మే పెట్టెలో ఒక్క పుట తెలుగు కాగితం పెట్టాలి. అందులో వాక్యాలు ఇలా ఉంటే చాలు: “బ్యాటరీ తీగ తీయండి. స్టీరింగు చక్రాన్ని కదలకుండా కట్టండి. తిరిగితే ఎయిర్‌బ్యాగు పట్టీ తెగుతుంది. కొత్త ర్యాకును నడుమ నిలిపి బిగించండి. పాత చీల మళ్ళీ వాడకండి. అలైన్‌మెంటు చేయించకుండా బండి అప్పగించకండి.” ఐదారు వాక్యాలు. వీటికి మహాపండితుడు అక్కరలేదు. మేస్త్రీ పక్కన ఒక పూట కూర్చునే ఓపిక ఉన్నవాడు చాలు. పదవీ విరమణ చేసిన మావంటి ఉపాధ్యాయులకు తీరిక ఉన్నది, అచ్చుతప్పులు పట్టే అలవాటు ఉన్నది. ఐ.టి.ఐ.లలో ఈ విద్య చెప్పే బోధకులు తోడైతే సాంకేతిక దోషమూ ఉండదు.

చదువరులకు ఒక విన్నపం. ఈసారి మీ కారు షెడ్డుకు పోయినప్పుడు వేరే గదిలో ఫోను చూస్తూ కూర్చోకండి. మేస్త్రీ గారి అనుమతితో ఒక గంట పక్కన నిలబడి, ఏ వస్తువును ఏమంటారో, ఏ పని వద్దంటారో వ్రాసుకోండి. కడపలో ఒక మాట, కరీంనగరులో మరొక మాట ఉండవచ్చు, రెండూ కావాలి. నా చిన్న పుస్తకంలో ఇప్పటికి అరవై మూడు మాటలు చేరినవి. మీ ఊరి మాటలు పంపితే వాటి పక్కన చేరుస్తాను.